సముద్రం లేని సీమలో సముద్రాలు

తెలంగాణకు సముద్రతీరం లేదు. ఏ వైపు నడిచినా ఇంకొక రాష్ట్రపు నేలే తగులుతుంది తప్ప అల తగలదు. అయినా ఈ సీమలో సముద్రాలకు కొదవ లేదు. మా మహబూబాబాదు జిల్లాలోనే కేసముద్రం ఉన్నది. బయ్యారం చెరువుకు శాసనంలో ఉన్న పేరు ధర్మకీర్తి సముద్రం. భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు గణపసముద్రం. నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లులోనిది ఉదయసముద్రం. తెలంగాణ దాటి మరో కరువు సీమకు వెళ్తే అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. రాజులు మారి, కొలువు భాష మారి, ఫారసీ వచ్చిన తరువాత కూడా ఈ అలవాటు పోలేదు. 1562లో హుస్సేన్ సాగర్, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్, 1931లో నిజాం సాగర్. మన కాలంలో నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్. సాగరమన్నా సముద్రమన్నా ఒకటే గదా!

తెలుగు పండితుడిగా ఈ ప్రాంతపు బడులలో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి, ఇందులో నాకు మొదట కనిపించింది అతిశయోక్తి అలంకారమే. కాని అలంకారం కవులకు సరదా కావచ్చును, కోట్ల తట్టల మట్టి మోసినవారికి సరదా కాదు. ఊరి బతుకంతా దేనిమీద ఆధారపడి ఉన్నదో దానికే ఈ నేల సముద్రమని పేరు పెట్టుకున్నదని నా అభిప్రాయం. ఆఫ్రికాలో బోట్స్వానా అనే దేశం ఉన్నది. సముద్రం లేదు, కరువు మాత్రం పుష్కలం. ఆ దేశం 1976లో సొంత నాణెం తెచ్చుకున్నప్పుడు దానికి 'పుల' అని పేరు పెట్టుకున్నది. వారి భాషలో పుల అంటే వాన. వారు డబ్బును వాన అన్నారు, మనవారు చెరువును సముద్రమన్నారు. ఈ రెండు పేర్లకూ మూలం ఒకే దాహం.

అసలు ఇక్కడ నదులు లేవా అని దూరప్రాంతపు మిత్రులు అడుగుతుంటారు. లేకేమి, గోదావరి, కృష్ణ రెండూ మనవే. చిక్కంతా నేల మట్టంలో ఉన్నది. వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్లే రహదారి మీద వర్ధన్నపేట, రాయపర్తి దాటిన తరువాత తొర్రూరు వస్తుంది. ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ, నడుమ మెట్టగా లేచిన నేల. ఈ మెట్ట మీద పడిన చినుకు ఒక అడుగు అటు పడితే గోదావరి పాలు, ఒక అడుగు ఇటు పడితే కృష్ణ పాలు. మా వైపు నీటిని మోసుకొనిపోయేది ఆకేరు. అది ఆగ్నేయంగా సాగి ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద మున్నేరులో కలుస్తుంది, మున్నేరు పోయి కృష్ణలో కలుస్తుంది. వానకాలంలో ఆకేరు ఏరే. వేసవిలో మాత్రం ఇసుక దారి. పెద్ద నదులేమో మనకు దగ్గరలో ఉన్నచోట మనకన్నా ఎంతో పల్లాన ఉన్నవి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ సూర్యాపేట, ఖమ్మం నేలలను తడుపుతుంది గాని ఎగువన ఉన్న మా మెట్టకు ఎక్కలేదు. ఏటూరునాగారం దగ్గరి గోదావరిని ఇక్కడికి తేవాలంటే మోటార్లతో ఎత్తిపోయక తప్పదు. కళ్లముందు రెండు జీవనదులు పారుతున్నా, కుండ ముంచుకోవడానికి వీలులేని నేల ఇది.

వానల సంగతి చూద్దాం. ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే నేల మాది. లండను నగరంలో పడేది సుమారు 600 మాత్రమే, అయినా ఆ ఊరికి తడిసిన ఊరని పేరు, మాకు కరువు సీమని పేరు. వారికి పన్నెండు నెలలూ సన్నగా తుంపర పడుతుంది. మనకు ఆ వానలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అందులోనూ లెక్కపెట్టదగిన కొన్ని దినాలలో కుండపోతగా కురిసి పోతుంది. కింద ఉన్నదేమో నల్లరాతి బండ. తీరప్రాంతపు ఒండ్రునేల వలె అది నీటిని తాగి దాచుకోదు. పగుళ్లలో కొంత, పైనున్న చవుడులో కొంత నిలుస్తుంది, అంతే. కనుక పడిన నీటిని పడినచోటనే నిలపడం తప్ప ఈ నేలకు వేరే దారి లేదు. ఈ సూత్రం తెలుసుకోవడానికి మన పూర్వులకు ఏ ఇంజనీరింగు కళాశాలా అవసరం కాలేదు.

వారు చేసిన పని ఇది. వాలు మీద ఎగువన ఒక కుంట, దాని మత్తడి దుంకిన నీరు చేరేచోట ఒక చెరువు, దాని కింద మరొకటి, చివరకు వాగు. వీటినే గొలుసుకట్టు చెరువులంటాం. ఎగువ చెరువు కింద పొలం తడిపిన నీరు ఊటగా దిగి దిగువ చెరువుకు చేరుతుంది, అదే నీరు రెండుసార్లు, మూడుసార్లు పంటకు పనికివస్తుంది. చెరువు చుట్టుపక్కల బావులలో నీటిమట్టం లేస్తుంది. శ్రీలంకలోనూ ఇటువంటి గొలుసులే ఉన్నవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాటిని కాపాడదగిన వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పన్నెండవ శతాబ్దపు పరాక్రమబాహు రాజు పొలన్నరువలో కట్టించిన చెరువు పేరు పరాక్రమ సముద్రం! నాలుగు వైపులా నిజమైన సముద్రమే ఉన్న ద్వీపంలో కూడా చెరువును సముద్రమనే అన్నారంటే, ఉప్పునీటి సముద్రంతో సేద్యగాడికి పనిలేదని అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు బయ్యారం సంగతి కొంత తీరికగా చెప్పాలి. కాకతీయ గణపతిదేవునికి మైలమ అనే సోదరి ఉండేది. శాసనంలో మైలాంబ. నతవాడి వంశపు కోడలు. ఆమె బయ్యారంలో చెరువు తవ్వించి, ధర్మకీర్తి సముద్రమని పేరుపెట్టి, శాసనం వేయించింది. కాలం క్రీ.శ. 1219 ప్రాంతం. ఆమె తల్లి పేరు బయ్యాంబ. ఊరి పేరులో ఆ తల్లి పేరు వినిపిస్తూనే ఉన్నది. చెరువు తవ్వించినవారు తమ వంశాన్ని చెప్పుకోవడం ఆనవాయితీ కాబట్టి మైలమ తన పుట్టింటివారి వరుసను మొదటినుంచీ చెప్పించింది. కాకతి పురంలో ఉండిన వెన్న నృపుడు, అతని తరువాతి గుండలు, ఎఱ్ఱ, బేతరాజు, ప్రోలరాజు, ఇలా. ఓరుగల్లు రాజుల తొలి తరాల వరుస చరిత్రకారులకు ఇంత స్పష్టంగా దొరికింది ఈ శాసనం వల్లనే. దానిని పరిష్కరించి లోకానికి అందించినవారు శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు. కాకతీయుల ముత్తాతల పేర్లు తెలుసుకోవాలంటే కోట గోడలను గాక ఒక ఆడపడుచు తవ్వించిన చెరువు కట్టను అడగవలసి వచ్చిందన్నమాట. పాఠ్యపుస్తకాలలో యుద్ధాల తేదీలు కంఠస్థం చేయించే మనం, ఈ చెరువు గురించి మా జిల్లా పిల్లలకు ఒక్క వాక్యమైనా చెప్పించలేదు. మైలమ పేరు తెలిసిన విద్యార్థి నాకు నా ఉద్యోగకాలంలో ఒక్కడూ తగలలేదు.

మైలమ ఒక్కతే కాదు. రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాని. పాలంపేటలో 1213 నాటి శాసనంతో ఉన్న గుడి అతడు కట్టించినదే. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ కట్టడంగా యునెస్కో గుర్తింపు పొందింది ఆ రామప్ప గుడే. యాత్రికులు గుడిముందు ఫొటోలు దిగుతారు గాని, గుడితోబాటు పుట్టిన చెరువు దాకా నడిచేవారు తక్కువ. పాకాల చెరువును తవ్వించినవాడు మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి. రెండు గుట్టల నడుమ కట్ట వేసి, దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీటిని నిలిపాడు. మున్నేరు పుట్టేది ఆ పాకాలలోనే. కేసముద్రం పేరు కూడా మొదటి ప్రోలరాజు తవ్వించిన కేసరి తటాకం నుంచి వచ్చిందని కొందరు చరిత్రకారులు చెప్తారు. అరిగజకేసరి ఆ రాజు బిరుదు. ఒకటి గమనించండి. రాజు, రాజు చెల్లెలు, సేనాని, మంత్రి కొడుకు, అందరూ చెరువులు తవ్వించారు. అది ఏదో ఒక శాఖ చేయవలసిన పని కాదు, కలిగినవాడు చేయవలసిన పని.

ఎందుకు చేశారు? పుణ్యం కోసమన్నది ఒక జవాబు. సప్తసంతానాలని మనవారు లెక్కపెట్టేవి తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు. కొడుకు పేరు నిలబెడతాడో లేదో గాని చెరువు నిలబెడుతుంది. రెండవ జవాబు లాభం. చెరువు తవ్వించినవానికి, బాగుచేయించినవానికి దాని కింది భూమిలో ఒక పాలు మాన్యంగా ఇచ్చే పద్ధతి ఉండేది, శాసనాలలో దానికి దశబంధమని, దశవందమని పేరు. పుణ్యం, లాభం ఒకే కట్ట మీద నడవడంలో తప్పేమీ లేదు.

చెరువు కట్టడం వారికి శాస్త్రం. కాకతీయుల తరువాతి కాలపుదైనా కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం ఇక్కడ తలచుకోవాలి. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అది చెప్పింది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, దగ్గరలో రాతి గని, పనితెలిసిన కూలీలు, ఇవి అంగాలలో కొన్ని. దోషాలే నాకు మరింత ఆసక్తి కలిగించినవి. కట్ట చెమరించడం ఒకటి, చౌడు నేల ఒకటి, చెరువు నడుమ తాబేటి వీపు వలె మిట్ట ఉండటం ఒకటి. నీరు తక్కువై విస్తీర్ణం ఎక్కువ కావడం ఒకటి. చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం ఇంకొకటి. ఆరవది, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం! కృష్ణా జలాల పంపకం మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న ట్రిబ్యునళ్ల వాదనలు వార్తలలో చదివినప్పుడల్లా ఆ ఆరవ దోషం రాసిన పండితునికి మనసులో నమస్కరిస్తుంటాను.

మా మాటలను గురించి ఒక చిన్న పక్కదారి పట్టనివ్వండి. పదాల మీద మోజు పండితులకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కోస్తావారు 'అలుగు పారింది' అంటే మేము 'మత్తడి దుంకింది' అంటాం. రెండూ ముచ్చటైనవే, ఒకదానికొకటి తక్కువ కాదు. చెరువు లోపలి నేలను శిఖం భూమి అంటారు. శిఖ, శిఖరం వలె ఇది సంస్కృతమని చాలామంది అనుకుంటారు. కాదు. ఫారసీలో శికమ్ అంటే కడుపు. శిఖం భూమి అంటే చెరువు కడుపు! మాగాణి తరి, మెట్ట ఖుష్కి. వానకాలపు వరి ఆబి, యాసంగి వరి తాబి. నిజాం రెవెన్యూ కచేరీ నుంచి వచ్చిన ఈ మాటలను అక్షరం రాని రైతులు కూడా అచ్చతెలుగు మాటల వలె వాడుకున్నారు. చెరువు చుట్టూ ఎన్ని భాషలు కలిసి కాపురం చేశాయో చూడండి.

అలా వచ్చిన మాటలలో నాకు అన్నిటికన్నా విలువైనది తైబందీ. నేటి తరానికి తెలియదు కాబట్టి వివరిస్తాను. వానకాలం ముగిశాక చెరువులో ఎంత నీరున్నదో అందరూ చూస్తారు. తూము మెట్లలో ఎన్ని మునిగాయో, ఎన్ని తేలాయో లెక్కపెట్టవచ్చు. ఆ నీటితో యాసంగిలో ఆయకట్టంతా పండదని తేలితే, ఎంత భూమి సాగుచేయాలి, ఏ మడికట్టు దాకా నీరివ్వాలి, ఎవరెవరి భూమిలో ఎంత పాలు తడపాలి అని ముందే నిర్ణయించుకోవడం తైబందీ. పాకాల, రామప్ప వంటి పెద్ద చెరువుల కింద ఈ మాట ఇంకా బతికే ఉన్నది. 1972 కరువు సంవత్సరంలో, నేను బడికి పోయే పిల్లవాడిని, మా ఊరి చెరువు కట్ట మీద పెద్దలు కూర్చుండగా దూరంగా నిలబడి విన్నాను. అరుపులు లేకపోలేదు. "నీ పొలం తూముకు దగ్గర, నీకేంది బాధ, నాది కొసకున్నది" అని ఒకరు, "పోయినేడు నువ్వు తీస్కోలేదా" అని ఇంకొకరు. తిట్టుకున్నారు, పాత లెక్కలు తీశారు. చీకటి పడేవేళకు నాలుగో వంతు భూమికి ఒప్పుకొని లేచారు. కరువును కొలిచి పంచుకోవడమంటే అదే. ఆ సంవత్సరం తిండిగింజలకు కటకట పడ్డాం గాని, ఎవరికి ఎన్ని మడులు తడిశాయో ఊరంతటికీ తెలుసు.

ఆ పంపకాన్ని అమలుచేసేవాడు నీరటి. తూము బిరడా లాగడం, కాలువ చివరి మడిదాకా నీరు చేరిందా అని రాత్రిపూట లాంతరుతో నడిచి చూడటం, కట్టకు బొరియ పడితే మట్టి పెట్టి పూడ్చడం అతని పని. జీతం లేదు, కల్లం దగ్గర ప్రతి రైతూ కొలిచి ఇచ్చే మేర ఉండేది. ఏ ఒక్క రైతుకూ అతడు నౌకరు కాడు, ఆయకట్టు మొత్తానికి నీరటి. పంట పండితేనే అతనికి మేర దక్కుతుంది, కొసమడి ఎండితే అతని గింజా తగ్గుతుంది. పాలనా శాస్త్రం చదివినవారు ఇంతకంటె మంచి ఏర్పాటు ఒకటి చూపిస్తే వినడానికి నేను సిద్ధం.

అయితే పాతకాలమంతా బంగారమని చెప్పబోవడం లేదు. పాలకుర్తి, విసునూరు, కడవెండి మా పొరుగునే ఉన్నవి. ఈ నేల మీద చెరువు కట్టకు మట్టి మోసినవారిలో వెట్టివారు ఎందరో. తూముకు దగ్గరి తరి భూములు దొరలవి, కొస భూములు, మెట్ట చెలకలు మిగిలినవారివి. నీరటి బహుళంగా దళిత కులాలవాడు. ఊరి నీటిని పంచిన అతనికి ఊరిబావిలో చేద వేసే హక్కు లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పోరాటం భూమి కోసం జరిగిందంటాం; మా సీమలో తరి భూమి అంటే నీరే. పాలకుర్తి ఐలమ్మ కాపాడుకున్నది కూడా తాను పండించిన పంటను. తైబందీలో న్యాయం ఉండేదంటే, అది భూమి ఉన్నవారి నడుమ న్యాయం. భూమి లేనివానికి ఆ సభలో మాట లేదు. ఈ మాట చెప్పకుండా చెరువుల చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

తరువాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక దేశం దృష్టి పెద్ద ఆనకట్టల మీదకు మళ్లింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు, 1963 జూలై 26న పోచంపాడుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అవసరమైన పనులే, కాదనను. కాని ఊరి చెరువు క్రమంగా ఎవరిదీ కాకుండా పోయింది. మేర పోయింది, నీరటి పోయాడు, పూడిక తీసేవారు పోయారు. నీటి సంఘాలకు 1997లో చట్టం వచ్చింది. సంఘాలు ఏర్పడినవి, ఎన్నికలు జరిగినవి, ఆ తరువాత చాలాచోట్ల బోర్డులు మాత్రమే మిగిలినవి. చెరువు కడుపులో ఒండ్రు పేరుకొని, అంచుల వెంబడి శిఖం భూములు ఒక్కొక్క గజం చొప్పున ఇళ్ల స్థలాలుగా మారడం తొర్రూరు వంటి పెరిగే పట్టణాల చుట్టూ నా కళ్లతో చూశాను. 2018లో పురపాలక సంఘమైన ఊరు మాది. పట్టణం పెరుగుతుంటే భూమి ధర పెరుగుతుంది, ధర పెరిగితే చెరువు కడుపు కూడా ప్లాటుగా కనిపిస్తుంది.

ఇక బోరు. చెరువు ఎండితే రైతు భూమిలోకి దిగాడు. అతడిని తప్పుపట్టే అధికారం నాకు లేదు. పిల్లల ఆకలికి జవాబు చెప్పవలసినవాడు అతడు. కాని బోరు నీటి స్వభావం వేరు. చెరువు నీరు కనబడుతుంది; ఎంత ఉన్నదో ఊరంతా చూస్తుంది, కొలుస్తుంది, పోట్లాడుతుంది, పంచుకుంటుంది. బోరు నీరు కనబడదు. నా చేనులోని బోరు నా సొత్తు, దాని కింద పగుళ్లలో పక్కవాడి నీరే ఉన్నదని నాకు కనబడదు. అతడు 200 అడుగులు వేస్తే నేను 300, నేను 300 వేస్తే ఇంకొకడు 500. కరువు కట్ట మీద అందరి నడుమ తేలే సంగతిగా ఉండేది, ఒక్కొక్కని ఇంటిలో ఒంటరిగా మోసే అప్పు అయింది. ఎండిన బోర్ల మీది అప్పుతో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో ఈ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. మా నీటి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఆనకట్ట కాదు, ఇదేనని నా నమ్మకం. నీరు కనుమరుగయ్యాక పంపకం కూడా కనుమరుగయింది.

తెలంగాణ ఏర్పడిన తరువాత చెరువు మళ్లీ మాటల్లోకి వచ్చింది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ ప్రారంభమయింది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు ఉన్నట్లు అప్పుడు లెక్క తేలింది. నాలుగు విడతలలో 27 వేలకు పైగా బాగుచేసినట్లు ప్రభుత్వ లెక్క. తవ్విన ఒండ్రును ట్రాక్టర్లతో చేలకు తోలుకుపోవడం మా ఊళ్లలో చూశాను. అది నిజంగా మంచి దృశ్యం, ఎరువు కొననక్కరలేని నేలలు కొన్నేళ్లు పచ్చగా పండినవి. పనులలో లోపాలు లేవా అంటే ఉన్నవి. కట్ట మీద నునుపుగా మట్టి పోసి, కడుపును అట్లాగే వదిలినచోట్లూ ఉన్నవి. కట్ట బాగుపడింది గాని నీరటి తిరిగి రాలేదు.

ఇంకొకవైపు కాలువ వచ్చింది. పల్లాన ఉన్న గోదావరి మనకు అందదని పైన చెప్పాను గదా. అదే గోదావరి నిజామాబాదు జిల్లాలో శ్రీరాంసాగర్ దగ్గర 1,091 అడుగుల మట్టాన నిలుస్తుంది. మనకన్నా ఎత్తు. కనుక దగ్గరి నదిని వదిలి దూరపు నదిని పిలుచుకొని రావలసి వచ్చింది. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు నడిచి, రెండవ దశలో ఇంకా ముందుకు సాగి, రాయపర్తి మండలం మైలారం జలాశయం మీదుగా తొర్రూరు, మరిపెడ, సూర్యాపేట వైపు నీరు పంపుతుంది. మరోవైపు దేవాదుల ఎత్తిపోతల నీరు పాలకుర్తి, జనగామ మెట్టలకు వచ్చింది. గోదావరి నీరు కాలువల వెంట వచ్చి మా చెరువులను నింపి, మత్తడి దుంకి, ఆకేరులో పడి కృష్ణకు పోతున్నది. పెద్దలు చెప్పే నదుల అనుసంధానం మా చేల గట్ల మీద చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. ఎగువన నీటిని ఎత్తిపోసి ఈ కాలువకు అందించేందుకు 2019 జూన్ 21న ప్రారంభించిన కాళేశ్వరంలో, 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజి స్తంభాలు కుంగినవి. దాని రాజకీయం ఇక్కడ నాకు అనవసరం. ఎక్కడో వంద మైళ్ల అవతల ఒక స్తంభం కుంగితే మా కొసమడి రైతు ఉలిక్కిపడవలసిన కాలం వచ్చిందని మాత్రం చెప్తాను.

ఉలిక్కిపడవలసింది కరువుకే కాదు. 2024 సెప్టెంబరు 1న ఒక్క రాత్రి వానకు ఆకేరు పొంగి మరిపెడ ప్రాంతంలో వంతెనను ముంచింది, ప్రాణాలు తీసింది. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వేలాడినవి. దిగువన మున్నేరు ఖమ్మం ఇళ్లలోకి వచ్చింది. గొలుసుకట్టు చెరువు నీళ్లిచ్చే పాత్ర మాత్రమే కాదు, వరదను మెట్టుమెట్టుగా దించే మెట్లవరుస కూడా. గొలుసులో పూడిన ప్రతి కుంటకూ, ప్లాటయిన ప్రతి శిఖానికీ చెందిన నీరు ఆ రాత్రి వెతుక్కున్న దారి మన ఇళ్లది. అంత వాన పడితే ఏ గొలుసు మాత్రం పూర్తిగా ఆపగలదని అడగవచ్చు. పూర్తిగా ఆపలేదు. కాని కొంత ఆపడానికీ, ఏమీ ఆపకపోవడానికీ నడుమ ఉన్న తేడా ప్రాణాలతోనే లెక్కకు వస్తుంది.

ఈమధ్య మా వైపు ఒక వింత చూస్తున్నాం. మాఘమాసంలో, ఆకాశంలో మబ్బు తునక లేనప్పుడు చెరువు నిండుతున్నది. వాన పడి గాదు, కాలువ వదిలారు గనుక. రైతులు సంతోషించారు, నేనూ సంతోషించాను. కట్టమైసమ్మకు కొబ్బరికాయ కొట్టారు. కాలువ నీరు ఎన్ని తడులకు వస్తుందని కట్ట మీద కూర్చున్న ఒక వృద్ధుణ్ణి అడిగాను. ఒకప్పుడు తైబందీ సభలలో పెద్దగొంతుతో మాట్లాడినవాడే. "తూము మెట్లు చూసి చెప్పేటోణ్ణి సారూ, గిప్పుడు ఏం జూసి చెప్పాలె? ఎన్నడు వస్తదో, ఎన్నడు బందయితదో ఫోన్ల సూసుకునుడే" అన్నాడు. అతని మనుమడు పక్కనే ఉండి ఫోను తీసి చూశాడు. ఆ రోజుకు ఇంకా ఏ సమాచారమూ రాలేదు.